చిన్న ఇంటికి ఏ కుక్క? సైజుకన్నా ముందు ముక్కు చూడాలి

నల్లగొండలోనో పాలమూరులోనో 80 గజాల ఇంట్లో, లేదంటే రెండు అర్రల కిరాయి పోర్షన్‌లో ఉండేవాళ్లు కుక్కను తెచ్చుకోవాలనుకున్నప్పుడు మొదట అడిగే మాట ఒకటే: "పెద్దగా పెరగనిది ఏదన్నా ఉందా?" అమ్మేవాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. పగ్, షిట్జు, పామ్ (పొమేరేనియన్). ఇల్లు చిన్నది, కుక్కా చిన్నదైతే చాకిరీ తగ్గుతుందన్న లెక్క పైకి సరిగ్గానే ఉంది. ఆ లెక్క తప్పేది మే నెలలో.

కుక్క ఇంట్లో పట్టే జాగా దాని బరువును బట్టి ఉండదు. 18 కిలోల నాటు కుక్క దర్వాజ పక్కన ముడుచుకుని పడుకుంటే యూరియా సంచి పరిచినంత జాగా చాలు. 7 కిలోల పగ్‌కు ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఒక కూలరు, ఆ కూలరున్న అర్ర, కరెంటు పోతే కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. సర్కారు కట్టించిన డబుల్ బెడ్రూం ఇల్లు 560 చదరపు అడుగులు. అందులో నలుగురుంటే కూలరు ఎవరి వైపు తిప్పాలన్నదే రోజూ ఒక పంచాయితీ. అందుకని ఈ ప్రాంతంలో సైజు నాలుగో ప్రశ్న కావాలి. దానికన్నా ముందు చూడాల్సినవి ముక్కు, బొచ్చు, గొంతు.

ముక్కు

కుక్కకు మనిషిలా ఒళ్లంతా చెమట పట్టదు. అరికాళ్లలో కాస్త పడుతుంది, దానితో ఒరిగేదేమీ లేదు. నాలుక బయటపెట్టి వగర్చినప్పుడు నోట్లో, ముక్కులో ఉన్న తడి ఆవిరవుతుంది. ఒంట్లో వేడి ముఖ్యంగా పోయేది ఆ దారినే. ముక్కు పొడుగ్గా ఉన్న కుక్కకు లోపల తడి పొర ఎక్కువ, గాలి పోయే దారి తిన్నన. పగ్, షిట్జు, ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతుల్లో తరాల తరబడి ఏరి ఏరి పెంచి ఎముకను కుదించారు గానీ, లోపలి మెత్తని కండ అంతగా తగ్గలేదు. అంగిలి వెనక భాగం పొడుగై గొంతుకు అడ్డం వేలాడుతుంది. ముక్కు రంధ్రాలు సన్నబడతాయి. నిద్రలో గురక పెడుతుంటే ముద్దొచ్చి వీడియో తీస్తారు. ఆ చప్పుడు గాలి ఇరుకు సందులోంచి పోయే చప్పుడు.

కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 105 దాటిందంటే వడదెబ్బ కిందే లెక్క. ఇంకా ఎక్కితే కిడ్నీలు, పేగులు, మెదడు దెబ్బతింటాయి. నల్లగొండలో మే మధ్యాహ్నం 44 డిగ్రీల సెల్సియస్ అంటే ఎవరూ ఆశ్చర్యపోరు. అది ఫారెన్‌హీట్‌లో 111. అంటే బయటి గాలి కుక్క ఒంటికన్నా వేడిగా ఉంది. అలాంటప్పుడు తడి ఆవిరవడం తప్ప చల్లబడే దారి ఇంకోటి లేదు, పగ్‌కు ఆ దారే ఇరుకు. గాలి చాలక గట్టిగా వగరుస్తుంది, ఆ కష్టానికి ఒళ్లు ఇంకాస్త వేడెక్కుతుంది. మేడ మీది గదిలో ఉండేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. స్లాబు పగలంతా తాగిన వేడిని పొద్దుగూకినాక వదులుతుంది. బయట గాలి తిరిగింది కదా అని కూలరు బంద్ చేసే వేళకే లోపల కుక్క వగర్చడం మొదలుపెడుతుంది.

ఎండ పొడిగా ఉన్నన్నాళ్లు ఇక్కడ కూలరు బాగా పనిచేస్తుంది, అంతవరకు అదృష్టమే. తొలకరి పడి ఉక్కపోసే రోజుల్లో అదే కూలరు గదిలో తేమ పెంచుతుంది. తేమ గాలిలో తడి తొందరగా ఆవిరి కాదు కాబట్టి వగర్చడమూ పనిచేయదు. మే దాటేసిన పగ్ జూన్‌లో పడిపోవడానికి కారణం ఇదే. అప్పుడు ఫ్యాను, కిటికీలు తెరిచి ఉంచడం మేలు.

2003లో హచ్ ఫోన్ ప్రకటనలో పిల్లాడి వెనకాల నడిచిన పగ్ ఈ జాతిని ఊరూరికీ తెచ్చింది. అమ్మకాల్లో ఇప్పటికీ "పంచ్ ఫేస్" అనే మాట నడుస్తుంది: మొహం గోడకు గుద్దుకున్నంత చప్పిడిగా ఉంటే ఆ పిల్లకు రేటు ఎక్కువ. ఊపిరాడని కుక్కకు ఎక్కువ డబ్బు ఇవ్వడమన్నమాట. అయినా పగ్గే కావాలని మనసు పడితే కనీసం పంచ్ ఫేస్ వద్దనాలి. పిల్లను ఎదురుగా పట్టుకుని ముక్కు చూడండి. రంధ్రాలు మిరియాల్లా గుండ్రంగా తెరుచుకుని ఉండాలి. కామా గుర్తులా, గోటితో గీసిన గీతలా ఉంటే వదిలేయాలి. తర్వాత ఐదు నిమిషాలు ఆడనిచ్చి, నోరు మూసుకున్నప్పుడు చెవి దగ్గర పెట్టి వినాలి. గర్‌గర్‌మంటే ఆ చప్పుడు పెద్దయ్యాక పోదు, పెరుగుతుంది. తల్లిని చూపించమని అడగాలి, తల్లి గురకే పిల్లకూ వచ్చే అవకాశం ఎక్కువ. పగ్‌కు మొహం మీది మడతలు రోజూ తుడిచి ఆరబెట్టాలి, తడి నిలిస్తే పుండవుతుంది. కళ్లు బయటికి ఉంటాయి కాబట్టి తులసి కోట మూల తగిలినా కనుగుడ్డు గీసుకుపోతుంది. బరువు ఒక కిలో పెరిగినా ఊపిరికి తేడా వస్తుంది.

వడదెబ్బ ఏ కుక్కకైనా తగలొచ్చు. నాలుక మంకెన పువ్వంత ఎర్రబడి, జొల్లు తీగలా సాగి, నడక తూలుతుంటే ముందు చల్లబరచాలి, తర్వాతే దవాఖానకు తీసుకుపోవాలి. ఒళ్లంతా, ముఖ్యంగా పొట్ట, తొడల లోపలి వైపు నీళ్లు పోస్తూ ఫ్యాను పెట్టాలి. తడి టవలు కప్పి వదిలేయకూడదు, కాసేపట్లోనే అది వెచ్చబడి దుప్పటిలా వేడిని లోపలే ఆపుతుంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఇంకోటుంది: మేడ మీది నల్ల ట్యాంకు నల్లా తిప్పి కుక్క మీద పోయడం. మే మధ్యాహ్నం ఆ నీళ్లు చేయి పెట్టనీయవు. బోరు వేసి నేరుగా వచ్చే నీళ్లు గానీ, ఇంట్లో నీడన ఉన్న డ్రమ్ము నీళ్లు గానీ వాడాలి. ఒంటి వేడి 103కు దిగగానే పోయడం ఆపాలి, లేకపోతే మరీ చల్లబడుతుంది.

బొచ్చు, దాని లోపల దాక్కునేవి

బొచ్చు విషయంలో రెండు రకాల చాకిరీలున్నాయి, రెండింటినీ ఒకటిగా చూడకూడదు. పామ్, లాబ్రడార్ లాంటివాటికి పైన ఒక పొర, కింద మెత్తని దూది లాంటి పొర ఉంటాయి. ఇవి ఏడాదంతా రాలుతాయి, ఎండాకాలం ముందు గుప్పెళ్లకొద్దీ రాలుతాయి. చీపురుకు రాదు, ఫ్యాను వేస్తే లేచి పప్పు గిన్నెలో పడుతుంది. షిట్జు, లాసాలది రెండో రకం. "వెంట్రుక రాలదు" అని అమ్ముతారు. నిజమే, పెద్దగా రాలదు, మన జుట్టులా పెరుగుతూనే ఉంటుంది. రోజూ దువ్వకపోతే చెవుల వెనక, చంకల్లో, తొడల సందుల్లో అట్టకడుతుంది. అట్ట కింద చర్మానికి గాలి తగలక చెమ్మ నిలిచి కుళ్లుతుంది. 4 నుంచి 6 వారాలకోసారి కత్తిరించాలి. జిల్లా కేంద్రంలో చేసేవాళ్లు దొరక్కపోతే హైదరాబాద్ పోవాలి, నల్లగొండ నుంచైనా పాలమూరు నుంచైనా దగ్గర దగ్గర 100 కిలోమీటర్లు. ఏడాదికి తొమ్మిది నుంచి పదమూడుసార్లు ఆ దారి పట్టగలమా అన్నది కొనకముందే తేల్చుకోవాలి.

ఎండ తట్టుకోలేదని పామ్‌కు గుండు కొట్టించడం ఇంకో పొరపాటు. ఆ రెండు పొరల బొచ్చు ఎండను కూడా కొంత ఆపుతుంది. నున్నగా గొరిగితే చర్మం కమిలిపోతుంది, తిరిగి వచ్చేటప్పుడు అక్కడక్కడా మచ్చలుగా వస్తుంది. పొట్ట కింద కాస్త కత్తిరించి, రాలిన లోపొరను దువ్వెనతో తీసేస్తే చాలు.

బొచ్చుకు అసలు పరీక్ష గోమార్లు. కుక్కల మీద కనబడే గోధుమరంగు గోమారు బతుకంతా కుక్క మీద గడపదు. రక్తం తాగి రాలిపోయి గోడ పగుళ్లలో, దర్వాజ చౌకట్ల సందుల్లో, మంచం పట్టీల కింద చేరుతుంది. కడుపు నిండిన ఆడ గోమారు అక్కడే వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. వాటి పిల్లలు మళ్లీ కుక్కను వెతుక్కుంటూ వస్తాయి. ఏమీ తినకుండా నెలల తరబడి బతకగలవు. ఇల్లు చిన్నదైతే కుక్క పడకకూ మనిషి పడకకూ మధ్య ఆరడుగులే. కుక్కకు మందు పట్టించి గోడను వదిలేస్తే మూడు వారాలకు మళ్లీ మొదటికొస్తుంది. "మందు పనిచేయలేదు" అనుకునేది అక్కడే. కుక్కకు డాక్టరు రాసిన మాత్రో చుక్కలో వేసిన రోజే కుక్క పడుకునే మూల, గోడల కింది అంచులు, చౌకట్లకు కూడా మందు కొట్టి, రెండు మూడు వారాల తేడాతో ఇంకో రెండుసార్లు కొట్టాలి. సున్నం వేయించేటప్పుడు పగుళ్లు సిమెంటుతో పూడిస్తే సగం పని అయిపోతుంది. ఒక జాగ్రత్త: కుక్కలకు వాడే పర్మెత్రిన్ మందు పిల్లులకు విషం. ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

గోమారు జ్వరం ఇక్కడ కుక్కలను చంపే రోగాల్లో ఒకటి. తిండి మానేయడం, జ్వరం, చిగుళ్లు తెల్లబడటం, కొన్నిసార్లు ముక్కులోంచి నెత్తురు, ఒక రకంలో మూత్రం టీ డికాషన్ రంగులో రావడం దాని గుర్తులు. రక్తపరీక్ష చేయించి మందు మొదలుపెడితే చాలావరకు బతుకుతుంది, ఆలస్యమైతే కష్టం. గోమార్లను చూడాల్సిన చోట్లు: చెవుల లోపలి మడత, కాలివేళ్ల సందులు, పట్టీ కింద మెడ, తోక మొదలు, చంకలు. పొట్టి బొచ్చు కుక్కకు ఈ పని రెండు నిమిషాలు. రాత్రి అన్నం పెట్టే ముందు అరచేత్తో ఒళ్లంతా తడిమితే పెసరగింజలా చేతికి తగులుతుంది. షిట్జుకు ఇదే పని అరగంట, అయినా నమ్మకం లేదు. తీసేటప్పుడు పట్టకారుతో చర్మానికి ఆనుకుని పట్టుకుని తిన్నగా లాగాలి. కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్ల చూపడం, గోళ్ల మధ్య నలపడం వద్దు.

గొంతు

పోర్షన్లలో గోడ ఒకటే, అవతలి వాళ్ల పిల్లలకు ఇంటర్ పరీక్షలు, ఇంటి ఓనరుకు బీపీ. కుక్క వల్ల ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తే అది చాలాసార్లు మొరుగుడు వల్లే. బీగిల్‌ను వేటలో దూరం నుంచే యజమానికి వినబడాలని పెంచారు. దాని ఊళ రెండు వీధుల అవతలికి వినిపిస్తుంది, ఒంటరిగా వదిలితే ఆపదు. పామ్ గేటు చప్పుడుకే లేస్తుంది. డాక్స్‌హండ్ సైజుకు ఆ గొంతేమిటా అనిపిస్తుంది. విచిత్రంగా పగ్, షిట్జులు ఈ ఒక్క పరీక్షలో బాగానే గట్టెక్కుతాయి.

లాబ్రడార్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. మంచి కుక్క, చిన్న ఇంటికి కాదు. పిల్లప్పుడు ముద్దుగా వచ్చినది ఏడాదికి 30 కిలోలవుతుంది, రెండేళ్లు నిండేదాకా రోజుకు గంటకు పైగా తిప్పాలి, తిప్పకపోతే చెప్పులు, చాపలు, సోఫా. నున్నటి టైల్స్ మీద జారుతూ పెరిగితే తుంటి కీళ్లు ముందే అరిగే ఈ జాతికి ఇంకా నష్టం. "డబుల్ బోన్" అని ఎక్కువ రేటు చెబితే అది జాతి పేరు కాదు, కాగితాల మీద ఉండదు. బరువు ఎక్కువ, కీళ్లకు మోత ఎక్కువ అని మాత్రం అర్థం చేసుకోవాలి.

నాటు కుక్క

ఈ మూడు పరీక్షలకూ నిలబడేది వీధిలోనే ఉంది. నిగిడిన చెవులు, వంకీ తిరిగిన తోక, పొడుగు ముక్కు, ఒంటికి అతుక్కున్న పొట్టి బొచ్చు. 15 నుంచి 25 కిలోల బరువు. వాసన తక్కువ, నెలకోసారి నీళ్లు పోస్తే చాలు. ఎండ ఎక్కితే ఎవరూ చెప్పకుండానే షాబాదు బండల మీద కాళ్లు బార్లా చాపి పొట్ట ఆనించి పడుకుంటుంది. ఏ షోకీ మనిషీ దీని ముక్కునూ నడుమునూ మార్చలేదు కాబట్టి పుట్టుకతో వచ్చే జాతి రోగాలు తక్కువ. బాగా చూసుకుంటే 12, 15 ఏళ్లు బతుకుతుంది.

అంతమాత్రాన నాటు కుక్కతో చాకిరీ లేదనడం అబద్ధం. దాని చాకిరీ మొదటి ఆరు నెలల్లో ఉంటుంది, పగ్‌ది బతుకంతా ఉంటుంది. తేడా అదే. మూడు వారాల నుంచి సుమారు మూడు నెలల వయసు దాకా కుక్కపిల్ల లోకాన్ని నమ్మడం నేర్చుకునే కాలం. ఆ రోజుల్లో ఆటో చప్పుడు, గడ్డం మనిషి, బురఖా, హెల్మెట్, చిన్నపిల్లలు, బతుకమ్మ డప్పులు, మిక్సీ, ఇవన్నీ భయం లేకుండా పరిచయం చేయాలి. గేటుకు కట్టేసి పెంచితే ఎనిమిది పది నెలలప్పుడు కొత్తవాళ్లంటే పగ మొదలవుతుంది. గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి మీదికి దూకే నాటు కుక్కల్లో చాలావాటికి జాతి తప్పు లేదు, గొలుసు తప్పు ఉంది. కాపలా బుద్ధి దాని నెత్తురులో ఉంది, పనీ పాటా లేక మొరుగుతుంది కూడా. పొద్దున 6న్నర లోపు, రాత్రి 7 దాటాక అరగంట చొప్పున తిప్పితే పగలంతా పడుకుంటుంది. ఎండాకాలం సీసీ రోడ్డు మీద అరచేతి వెనకభాగం ఏడు సెకన్లు ఆనించగలిగితేనే కుక్కను దించాలి.

ఆడ కుక్కపిల్లను తెచ్చుకోవడానికి జంకుతారు. అందుకే వీధుల్లో వదిలేసినవాటిలో ఆడవే ఎక్కువ కనబడతాయి. కానీ చిన్న ఇంటికి ఆపరేషన్ చేయించిన ఆడ కుక్కే ఎక్కువ నయం: గోడలకు, బండి చక్రాలకు కాలెత్తే అలవాటు తక్కువ, తిరుగుళ్లు తక్కువ. చేయించకపోతే మాత్రం ఏడాదికి రెండుసార్లు, ఒక్కోసారి మూడు వారాల పాటు ఎదకు వస్తుంది. ఇంట్లో చుక్కలు, గేటు ముందు వాడకట్టు మగ కుక్కలన్నీ, రాత్రంతా కొట్లాట. ఏళ్లు గడిస్తే గర్భసంచిలో చీము పట్టే ప్రమాదమూ ఉంది. ఆరు నెలలు దాటాక డాక్టరును అడిగి చేయించాలి. కుట్లు విప్పేదాకా, అంటే 10 నుంచి 14 రోజులు, స్నానం లేదు, మెట్లెక్కడం లేదు, మెడకు కోను తీయకూడదు. రెండో రోజు రాత్రి "పాపం ఏడుస్తోంది" అని కోను తీసేయడం, తెల్లారేసరికి కుట్లు నాకి విప్పేసుకోవడం చాలా ఇళ్లలో జరిగే పనే.

వీధి నుంచి తెచ్చిన పిల్లకు రోగం రాదన్న నమ్మకం మానుకోవాలి. పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ రోగాలు నాటు పిల్లలనే మొదట తీసుకుపోతాయి, ఎందుకంటే వాటికి టీకా ఎవరూ వేయించరు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మొదటి టీకా, తర్వాత 16 వారాలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి, మూడు నెలలకు రేబిస్, ఆ పైన ఏడాదికోసారి. నులిపురుగుల మందు రెండు వారాలకోసారి మొదలుపెట్టి, మూడు నెలలు దాటాక నెలకోసారి, ఆరు నెలల తర్వాత మూడు నెలలకోసారి. జూలై 6న, 1885లో పాశ్చర్ మొదటిసారి మనిషికి రేబిస్ టీకా వేసిన రోజున, సర్కారు పశువుల దవాఖానల్లో కుక్కలకు ఆ టీకా ఉచితంగా వేయడం ఆనవాయితీ. అంతకుముందు ఇంట్లో పార్వోతో కుక్క పోయి ఉంటే ఇంకో సంగతి: ఆ వైరస్ నేలలో నెలల తరబడి ఉంటుంది, మామూలు ఫినాయిల్‌కు చావదు. బట్టలకు వాడే క్లోరిన్ బ్లీచ్ ఒక పాలు, నీళ్లు 30 పాళ్లు కలిపి, కడిగిన గచ్చు మీద పది నిమిషాలు తడి ఆరకుండా ఉంచాలి. మట్టి వాకిలిని అలా శుభ్రం చేయలేం కాబట్టి అక్కడికి టీకాలు పూర్తికాని పిల్లను తేకూడదు.

వీధి పిల్లను తల్లి దగ్గర్నుంచి రెండు నెలలలోపు విడదీయొద్దు. అమ్మే జాతి పిల్లలకైతే ఇది చట్టమే: 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకాల నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. "నలభై రోజులది, పాలు మరిచింది" అని చేతిలో పెట్టేవాడి దగ్గర కొనకపోవడమే మంచిది. పిల్లను సాకే ఓపిక లేనివాళ్లకు రెండేళ్ల పెద్ద కుక్క ఇంకా నయం, దాని సైజు, గొంతు, గుణం అప్పటికే తెలిసిపోయి ఉంటాయి. 1992లో మొదలైన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి చోట్ల ఇలాంటివి దత్తతకు ఉంటాయి.

నాటు కుక్క వద్దు, చిన్న కుక్కే కావాలంటే

కొంతమందికి 18 కిలోల కుక్కను గొలుసుతో పట్టుకునే బలం ఉండదు. ముసలివాళ్లున్న ఇల్లు, మూడో అంతస్తు, చంటిపిల్లలు. అలాంటప్పుడు పొట్టి బొచ్చు, పొడుగు ముక్కు ఉన్న చిన్న జాతులు వెతకాలి. మినియేచర్ పిన్షర్ 4, 5 కిలోలు ఉంటుంది, ఎండ తట్టుకుంటుంది, తుడిస్తే చాలు. చలికాలం తెల్లవారుజామున మాత్రం వణుకుతుంది, గేటు చువ్వల్లోంచి దూరిపోతుంది, మంచం మీంచి దూకి కాలు విరగ్గొట్టుకుంటుంది. పొట్టి బొచ్చు డాక్స్‌హండ్ కింది అంతస్తు ఇంటికి బాగుంటుంది. డాబా ఇళ్లకుండే నిటారు మెట్లు రోజూ ఎక్కి దిగితే ఆ పొడుగాటి నడుములో వెన్నుపూసల మధ్య డిస్కు జారి వెనక కాళ్లు పడిపోవచ్చు. పామ్ పేరుతో మన దగ్గర తిరిగే తెల్ల కుక్కల్లో చాలావరకు ఇండియన్ స్పిట్జ్. సొంత ఇల్లు, పక్క గోడ మనదే అయితే, వెంట్రుకలు ఊడ్చుకునే ఓపిక ఉంటే పగ్‌కన్నా ఇదే మేలు. "టీకప్ పామ్" అన్నది మాత్రం జాతి కాదు, ఎదగని పిల్లకు పెట్టిన పేరు.

పాలమూరు వైపు ముధోల్ కుక్కల మీద మోజు ఉంది. పక్క రాష్ట్రం బాగల్‌కోట్ జిల్లాలో పుట్టిన ఈ వేటకుక్క ఇంట్లో పిల్లిలా ఉంటుంది, ఎండకు జంకదు, బొచ్చు బాగా పొట్టి. కానీ రోజూ విడిచిపెట్టి పరిగెత్తించే బయలు కావాలి, గొల్లకుర్మల మంద కనబడితే గొలుసు తెంపుకుంటుంది. పొలం ఉన్నవాళ్లకే.

తిండి దగ్గర

జాతిని ఎంచుకోవడంలో చాలామంది మరిచేది నెల ఖర్చు. గట్టి దాణా గింజలు 100 గ్రాములకు సుమారు 350 కేలరీలు అనుకుంటే, ఆపరేషనైన పెద్ద కుక్క 10 కిలోలదైతే రోజుకు 180 గ్రాములు, 18 కిలోలదైతే 280, 30 కిలోల లాబ్రడార్‌కు 400 దాటుతుంది. నెలకు లెక్కేస్తే అయిదున్నర కిలోలు, ఎనిమిదిన్నర, పన్నెండుకు పైన.

ఇంటి తిండితోనూ సాకొచ్చు, పెరుగన్నంతో మాత్రం కాదు. 10 కిలోల కుక్కకు రోజుకు 200 గ్రాముల వండిన అన్నం, 150 గ్రాముల బొక్కలు తీసేసి ఉడికించిన చికెన్, ఒక గుడ్డు, చెంచా నూనె, కాసిన్ని ఉడికిన సొరకాయో క్యారెట్టో. ఇందులో కాల్షియం సరిపోదు. ఆరబెట్టి మెత్తగా దంచిన గుడ్డు పెంకు పొడి అర టీ చెంచా కలపాలి, మిగతా లోట్లకు ఏం వేయాలో డాక్టరు చెబుతారు. అన్నం బదులు జొన్న గటకా పెట్టొచ్చు. ఉడికించిన కోడి బొక్కలు సూదుల్లా విరిగి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి.

అన్నిటికన్నా ప్రమాదం కూర కలిపిన అన్నం. మన కూరల్లో ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ లేనిది ఏముంది? రెండూ కుక్క నెత్తురులో ఎర్రకణాలను పగలగొడతాయి. కిలో బరువుకు 15 గ్రాముల ఉల్లిగడ్డ నుంచే ప్రమాదం మొదలవుతుంది. 18 కిలోల నాటు కుక్కకు అది పావుకిలోకు పైన. 4 కిలోల చిన్న కుక్కకు 60 గ్రాములు, అంటే ఒక్క చిన్న ఉల్లిగడ్డ. రోజూ కొంచెం కొంచెం పెట్టినా అదే జరుగుతుంది. చిన్న కుక్కకు పొరపాటు తట్టుకునే శక్తి కూడా చిన్నదే. పాయసంలో కిస్‌మిస్‌లు, పిల్లలు కింద పారేసిన చాక్లెట్ కూడా కుక్కకు విషమే.

నీళ్లు కిలో బరువుకు రోజుకు 50, 60 మిల్లీలీటర్లు, ఎండాకాలం దానికి రెట్టింపు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు ఇంట్లోవాళ్లు తాగరు కదా, కుక్క గిన్నెలోనూ భగీరథ నీళ్లే పోయాలి. మట్టి మూకుడులో పోసి రెండు చోట్ల పెడితే చల్లగా ఉంటాయి, ఒకటి తన్నేసినా ఇంకోటి ఉంటుంది.

మూత్రం అలవాటు

చిన్న ఇంట్లో మొదటి నెల గొడవంతా దీని మీదే. రెండు నెలల పిల్ల మూడు గంటలకు మించి ఆపుకోలేదు. నెలలకు ఒకటి కలిపితే వచ్చే అంకె ఎంతో అన్ని గంటలు. నిద్ర లేవగానే, తిన్న పావుగంటకు, ఆట ఆగగానే బయటికి, ఎప్పుడూ ఒకే చోటికి తీసుకుపోవాలి. పని అయిన క్షణంలోనే మెచ్చుకోవాలి, లోపలికి వచ్చాక మెచ్చుకుంటే లోపలికి వచ్చినందుకే అనుకుంటుంది. ఇంట్లో పోసిందని మూతిని అందులో రుద్దితే అది నేర్చుకునేది ఒకటే: మనిషి చూడకుండా మంచం కింద పోయడం.

పోసిన చోట వాసన పోకపోతే మళ్లీ అక్కడే పోస్తుంది. అమ్మోనియా కలిసిన క్లీనర్లు ఆ వాసననే గుర్తుచేస్తాయి. తెల్ల వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి తుడవమని చాలాచోట్ల చెబుతారు. టైల్స్ మీద అది పనిచేస్తుంది. షాబాదు, తాండూరు బండలు మాత్రం సున్నపురాయి. పులుపు తగిలితే మెరుపు పోయి తెల్ల మచ్చ పడుతుంది, కిరాయి ఇల్లయితే అడ్వాన్సులోంచి పోతుంది. వాటి మీద సబ్బునీళ్లతో రెండుసార్లు కడిగి, పెంపుడు జంతువుల కోసం అమ్మే ఎంజైమ్ ద్రావణం పోసి, అది ఆరేదాకా తుడవకుండా వదలాలి.